చెత్త బండి టెండరు – మనం చదవవలసిన కాగితం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రసంగించినవారు వివిధ మున్సిపల్ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మన సభ్యులు.)



డి.ఆర్. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి పెద్దలు మాట్లాడిన తరువాత చెత్త గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. "భోజనాల ముందు ఇదేమి సబ్జెక్టండీ" అని ముందు వరుసలోని మిత్రులొకరు అప్పుడే అన్నారు కూడా. కాసేపట్లో మనం తినబోయే విస్తళ్లు తరువాత ఎక్కడికి పోతాయన్నదే నా సబ్జెక్టు కనుక, వరుస సరిగ్గానే ఉన్నదనుకొంటున్నాను.

సంగతి ఏమిటంటే, మన మున్సిపాలిటీవారు ఇంటింటి చెత్త సేకరణకు కొత్త టెండరు పిలవబోతున్నారు. షరతుల ముసాయిదా ఒకటి తయారు చేసి, పట్టణంలోని సంఘాల అభిప్రాయం కోరుతూ మన సంఘానికి కూడా ఒక కాపీ పంపారు. ఇది మంచి పద్ధతి. నా సర్వీసులో టెండరు షెడ్యూలు పిలిచిన తరువాత చూపించడమే గాని, పిలవక ముందు ఊరివారికి చూపించిన కమిషనరును నేను ఎరగను. సెక్రటరీగారు ఆ కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "మీరు శానిటేషన్ సెక్షనులో పనిచేశారు గదా, చదివి చెప్పండి" అన్నారు. రెండుసార్లు చదివాను. దానిలో ఏమున్నదో, ఏమి లేదో చెప్పడానికే నిలబడ్డాను.

ఒక కాగితంలో ఒక పంక్తికి ఎంత బలముంటుందో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? 31-3-1979 అనే ఒక్క తేదీ ఆర్డరులో ఉన్నందుకు, ఆ రోజుకు ముందు రిటైరైనవారు ఒక జాతి, తరువాతివారు ఒక జాతి అయిపోయారు. ఆ గీత చెల్లదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గనుకనే ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినోత్సవం చేసుకొంటున్నాము. చెత్త టెండరులోని పంక్తులు కూడా అటువంటివే. ఒకసారి అగ్రిమెంటు మీద సంతకాలు అయిన తరువాత, మన వీధిలోకి బండి ఎన్ని గంటలకు వస్తుంది, అసలు వస్తుందా రాదా అన్నది మేస్త్రీ దయ మీద గాక ఆ పంక్తుల మీద ఆధారపడి ఉంటుంది. వీధిలో మేస్త్రీతో తగాదా పడేవారు చాలామంది ఉన్నారు గాని, అగ్రిమెంటు చదివినవారు ఒక్కరూ లేరు.

పూర్వం ఇదంతా లేదు. పెరట్లో గుంట ఉండేది. ఊడ్చినదీ, తొక్కలూ, పేడా అందులో వేస్తే ఏడాదికొకసారి పొలానికి ఎరువు. పట్నం వచ్చిన తరువాత వీధి చివర సిమెంటు కుండీ వచ్చింది. కుండీ దగ్గరకు మనం తీసుకువెళ్లాలి, అక్కడినుంచి మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుతుంది. కుండీ చుట్టూ కుక్కలూ, పందులూ. అల్మిత్రా పటేల్ అనే మహిళా ఇంజనీరు 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లినందువల్ల ఈ విషయానికి కదలిక వచ్చి, 2000లో కేంద్రం మొదటిసారి పట్టణాల చెత్తకు నిబంధనలు చేసింది. ఇంటింటికీ వెళ్లి సేకరించడం మున్సిపాలిటీ బాధ్యత అన్నది అప్పటినుంచి కాగితం మీద ఉన్నది. 2016 నిబంధనలు తడి, పొడి, ఇంటిలోని హానికర చెత్త అని మూడుగా వేరు చేయమన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో అవి నాలుగైనాయి. తడి, పొడి, శానిటరీ చెత్త, జాగ్రత్తగా చూడవలసిన చెత్త. నాలుగోదానిలో మందులు, బల్బులు, రంగుల డబ్బాల వంటివి వస్తాయి.

నిబంధనలు ఢిల్లీలో చేస్తారు. డబ్బు దేనికి ఇవ్వాలన్నది మాత్రం మన ఊళ్లో టెండరు షెడ్యూలులో రాస్తారు. అసలు కిటుకంతా అక్కడ ఉన్నది. నేను కళ్లారా చూసిన మూడు పద్ధతులు చెబుతాను. ఊళ్ల పేర్లు చెప్పను. అక్కడ పనిచేసినవారు ఇద్దరు ముగ్గురు ఈ హాలులోనే ఉన్నారు.

ఒక ఊళ్లో ట్రిప్పుకు ఇంత అని రేటు. ట్రాక్టరు యార్డుకు ఎన్నిసార్లు వెళితే అన్ని ట్రిప్పులు. ట్రిప్పు షీటు మీద మేస్త్రీ సంతకం, దానిమీద బిల్లు. నెల తిరిగేసరికి ట్రిప్పులు పెరిగాయి గాని వీధులు శుభ్రం కాలేదు. ఏమిటా అని చూస్తే, ట్రాలీకి సగం కూడా నిండకుండానే పైన టార్పాలిన్ కట్టి పంపిస్తున్నారు. టార్పాలిన్ కట్టాలన్న షరతు మేము పెట్టినదే, దారిలో చెత్త ఎగరకూడదని.

ఇంకొక ఊళ్లో దీన్ని చూసి టన్నుకు ఇంత అని మార్చారు. కాటా వేయించారు. అప్పుడు ఇళ్ల చెత్త తగ్గి, కాలువ పూడిక, కూల్చిన గోడల రాళ్లు, మట్టి ఎక్కువైనాయి. వాటికి బరువెక్కువ, ఇల్లిల్లూ తిరగనక్కరలేదు. వానాకాలంలో చెత్త తడిస్తే కాంట్రాక్టరుకు పండగే. ఎండాకాలంలో కూడా చెత్త ఎందుకు తడిసి వస్తున్నదని ఆడిట్‌వారు అడిగారు. ఆ ఆబ్జెక్షనుకు జవాబు రాయడం నా వంతు అయింది గనుక నాకు బాగా గుర్తు.

మూడో ఊళ్లో మనుషుల లెక్క. ఇంతమంది కార్మికులను పెడితే తలకు ఇంత. మస్టరులో పేర్లన్నీ ఉన్నాయి, వేలిముద్రలు కూడా ఉన్నాయి. వీధిలో మాత్రం చీపుళ్లు సగమే కనిపించేవి.

మూడు ఊళ్లలోనూ కాంట్రాక్టర్లు చెడ్డవారని నేను అనను. మనం ట్రిప్పు కొన్నాము, ట్రిప్పు ఇచ్చారు. బరువు కొన్నాము, బరువు ఇచ్చారు. పేర్లు కొన్నాము, పేర్లు ఇచ్చారు. ఇంటి ముందు బండి ఆగి, వేరు చేసిన చెత్తను వేరుగానే తీసుకువెళ్లడం అనే పనిని ఎవరమూ కొనలేదు. మనకు వచ్చిన ఈ ముసాయిదాలో కూడా చెల్లింపు టన్ను లెక్కనే ఉన్నది. నా మొదటి అభ్యంతరం దానిమీదే. చెల్లింపు ఇంటి లెక్కన ఉండాలి. వీధివారీగా ఇళ్ల జాబితా టెండరుకు జతచేయాలి. నెలలో ఎన్ని ఇళ్లకు, ఎన్ని రోజులు వెళ్లారో దానిమీద బిల్లు రావాలి. కాటా తీసేయమని అనడం లేదు. కాటా లెక్క మనకు తెలియడానికి ఉండాలి, డబ్బు ఇవ్వడానికి కాదు.

ఇళ్లకు వెళ్లారని ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఇప్పుడు గుమ్మానికి ఒక కోడు అంటించి ఫోనుతో స్కాను చేసే పద్ధతి వచ్చింది. మంచిదే. కాని ఆ కోడులన్నిటినీ ఫొటో తీసుకొని టీ బడ్డీ దగ్గర కూర్చొని స్కాను చేయడం కష్టమేమీ కాదు. యంత్రానికి తోడు మనిషి సాక్ష్యం కూడా ఉండాలి. వీధికి ఇద్దరు చొప్పున ఇంటివారి సంతకం వారానికొకసారి తీసుకోవాలని రాయమందాము. ఉదయం పేపరు పట్టుకొని అరుగు మీద కూర్చొనేవారు మనకంటె ఎవరున్నారు? ఆ రెండు సంతకాల్లో ఒకటి ప్రతి వీధిలోనూ పెన్షనరుది కావచ్చు.

ఇక లెక్కకు వద్దాము. లెక్క లేని టెండరును నేను నమ్మను. ఒక లక్ష జనాభా ఉన్న పట్టణం అనుకొందాము. రెండు లక్షల లోపు ఊళ్లలో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వస్తుందని కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెబుతున్నది. మధ్యస్థంగా 250 గ్రాములు వేసుకొంటే లక్షమందికి 25 టన్నులు. ఆ ఊళ్లో రోజుకు 40 టన్నులకు బిల్లు వస్తున్నదంటే, మిగతా 15 టన్నులు ఏమిటని అడిగే హక్కు మనకు ఉన్నది. అందుకే టెండరుకు ముందు ఒక వారం రోజులు, వీలైతే వేసవిలో ఒక వారం, వానల్లో ఒక వారం, కొన్ని వీధుల చెత్తను నిజంగా తూచి చూడాలి. ధనవంతుల కాలనీ, మామూలు వీధి, పేదల పేట, బజారు, అన్నీ అందులో ఉండాలి. దీనికి అయ్యే ఖర్చు తరువాత ఒక నెల దొంగ బిల్లుకు సరిపోదు.

బండ్ల లెక్క ఇంకా ముఖ్యం. ఇంటికి నలుగురు చొప్పున లక్షమందికి 25,000 ఇళ్లు. ఒక ఇంటి దగ్గర బండి అర నిమిషం ఆగితే గంటకు 120 ఇళ్లు. ఉదయం అయిదు గంటలు తిరిగితే 600 ఇళ్లు. ఇంటికి కిలో చొప్పున 600 కిలోలు, చిన్న ఆటో టిప్పరుకు ఒక ట్రిప్పు. అంటే 25,000 ఇళ్లకు 42 బండ్లు కావాలి. ఒకాయన వచ్చి 20 బండ్లతో చేస్తానని తక్కువ రేటు వేశాడనుకోండి. ఒక్కొక్క బండికి 1,250 ఇళ్లు. అయిదు గంటల్లో ఇంటికి పదిహేను సెకన్లు కూడా రావు. మన వయసువారికి రెండో అంతస్తునుంచి బకెట్టు పట్టుకొని మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. బండి పాట పాడుకొంటూ మలుపు తిరిగిపోతుంది, బకెట్టు మెట్ల మీదే ఉండిపోతుంది. సాయంత్రం ఆ కవరు ఖాళీ స్థలంలోకి విసురుతాము. "జనానికి బుద్ధి లేదు" అంటారు. బుద్ధి సంగతి తరువాత, బండి లెక్కే తప్పు.

కనుక ఒక్కొక్క బండికి ఇన్ని ఇళ్లకు మించరాదని షరతు పెట్టమందాము. ఒంటరిగా ఉండే వృద్ధులు, నడవలేనివారు ఉన్న ఇళ్ల జాబితా విడిగా ఉండి, వారి గుమ్మం దాకా వచ్చి తీసుకోవాలని కూడా రాయాలి. ఇది దయాదాక్షిణ్యాల కింద అడగడం లేదు. జాబితాలో ఉంటే కాంట్రాక్టరు దానికి కూడా రేటు వేసుకొంటాడు.

తక్కువ రేటు అన్నాను గనుక ఎల్-1 గురించి ఒక మాట. కంపేరిటివ్ స్టేట్‌మెంటు టైపు చేసి చేసి నా వేళ్లు వంకరపోయాయి. అందరికంటె తక్కువ వేసినవారికి ఇవ్వడం నియమం, దాన్ని నేను కాదనను. కాని చెత్త కాంట్రాక్టులో ఖర్చు ఏముంటుంది? కూలి, డీజిలు, బండి వాయిదా, రిపేర్లు. డీజిలు బంకువాడు తగ్గించడు. బ్యాంకువాడు వాయిదా తగ్గించడు. ఇక తగ్గించడానికి మిగిలేది కార్మికుడి కూలి, వాడి పి.ఎఫ్., వాడి చేతి తొడుగులు. అందుచేత ముందే మున్సిపాలిటీ ఎస్టిమేటులో కనీస వేతనం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. విడిగా లెక్కకట్టి, ఆ మొత్తం మీద పోటీ లేదని, మిగతా ఖర్చు మీదే రేటు వేయాలని రాయాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడిన రుజువు, పి.ఎఫ్. చలానా జతచేస్తేనే తరువాతి నెల బిల్లు పాసు కావాలి. మనలో ఎంతమందిమి మన ప్రావిడెంటు ఫండు లెక్కలో ఒక నెల జమ కాలేదని అకౌంటెంటు జనరల్‌కు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశామో గుర్తు చేసుకోండి. రాయడం వచ్చినవాళ్లం కాబట్టి రాశాము. వీధి ఊడ్చే అమ్మ ఎవరికి రాస్తుంది?

ఇక్కడ ఆడవారు ఎక్కువగా ఉన్నారు గనుక సంకోచిస్తూనే ఒక విషయం చెబుతాను. కాని చెప్పక తప్పదు, ఎందుకంటే ఇది మన ఇళ్ల విషయమే. మా వీధిలో చెత్త తీసే మనిషికి పోయిన ఏడాది అరచేతిలో సూది దిగింది. సంచిలో చెయ్యిపెట్టి తడి, పొడి వేరు చేస్తున్నది. అది ఇన్సులిన్ సూది. ఆ సూది ఏ ఇంటిదో తెలియలేదు. మా వీధిలో పది ఇళ్లలో షుగరు ఉన్నది. రక్తపరీక్షలు చేయించుకొని ఫలితాలు వచ్చేదాకా ఆ మనిషి ఇంట్లోవారు తిండి తిన్నారో లేదో నాకు తెలియదు. ఫలితం బాగానే వచ్చింది. మందుల ఖర్చు వీధివారం వేసుకొన్నాము, ఎందుకంటే అగ్రిమెంటులో ఆ ఖర్చు ఎవరిదో రాసిలేదు.

మన ఇళ్ల చెత్త అందరి ఇళ్ల చెత్త వంటిది కాదు మిత్రులారా. సూదులు, షుగరు చూసుకొనే స్ట్రిప్పులు, తేదీ దాటిన మాత్రలు, మంచాన పడినవారి డైపర్లు. వీటిని వేరుగా తీసుకొనే డబ్బా బండికి ఉండాలి. ముసాయిదాలో "బండికి రెండు అరలు" అని మాత్రమే ఉన్నది. తడికి ఒకటి, పొడికి ఒకటి. డైపరు ఏ అరలో వేస్తారు? ఏ అరలో వేసినా ఆ అరలోని సరుకు పాడే. కనుక మూతతో ఒక విడి డబ్బా, సూదులకు మందపాటి డబ్బా అడుగుదాము. టెండరు వచ్చేదాకా ఆగనక్కరలేకుండా మనం చేయగలిగినది కూడా ఉన్నది. సూదులను మూత బిగుతుగా ఉండే దళసరి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండిన తరువాత మూతకు టేపు చుట్టి, పైన "సూదులు" అని రాసి చేతికి ఇవ్వండి. డైపరును పేపరులో చుట్టి విడిగా ఇవ్వండి. సూది గుచ్చుకొంటే వైద్యం ఖర్చు కాంట్రాక్టరే భరించాలన్న పంక్తి కూడా మన అర్జీలో చేర్చాను.

ఇప్పుడు పొడి చెత్త. పొడి చెత్త అమ్మితే కాంట్రాక్టరుకు ఇంత ఆదాయం వస్తుంది కాబట్టి మున్సిపాలిటీ ఇచ్చే రేటు ఆ మేరకు తగ్గుతుందని ముసాయిదాలో ఒక లెక్క వేశారు. ఆ లెక్క రాసినవారు ఎన్నడూ ఇంట్లో పాత పేపర్లు అమ్మినట్లు లేదు. న్యూస్‌పేపరు, ఇనుము, సీసాలు, అట్టపెట్టెలు మన ఇంట్లోనే పక్కకు పెట్టి పాత సామాన్ల బండివాడికి తూకం వేసి అమ్ముతాము. ఆ డబ్బులు ఎవరికన్నది ఇంటి రాజకీయం. మున్సిపల్ బండిలోకి వెళ్లేది చిప్సు ప్యాకెట్లు, తడిసిన కవర్లు, తెగిన చెప్పులు. వాటిలో చాలా భాగాన్ని కొనేవాడు ఉండడు, సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో మండించడానికి పంపవలసిందే, దానికీ లారీ కిరాయి మనదే. లేని ఆదాయాన్ని లెక్కలో చూపితే, ఆరు నెలల తరువాత కాంట్రాక్టరు నష్టమని మొర పెట్టుకొంటాడు, లేదా పొడి చెత్తను యార్డు వెనక తగలబెడతాడు.

దానికి తోడు "సేకరించిన వస్తువులపై సర్వహక్కులు కాంట్రాక్టరువి" అని ఒక పంక్తి ఉన్నది. చూడడానికి చిన్న పంక్తి. తెల్లవారుజామున సంచి భుజాన వేసుకొని సీసాలు, కాగితాలు ఏరుకొనేవారు ఈ ఒక్క పంక్తితో దొంగలవుతారు. పుణె నగరంలో ఇటువంటివారే 1993లో సంఘం కట్టుకొని, 2008లో స్వచ్ఛ్ అనే సహకార సంస్థగా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకొన్నారు. వారే ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకొంటారు, ఇంటివారు నెలకింత ఇస్తారు, ఏరిన పొడి సరుకు అమ్ముకొనే హక్కు వారిది. హైదరాబాదులో 2015లో మరొక దారి తొక్కారు. ఆటో టిప్పర్లను డ్రైవరునే యజమానిని చేసి ఇచ్చారు, ఇళ్లవారు నెలనెలా అతనికే డబ్బు ఇచ్చే ఏర్పాటు. రెంటిలోనూ లోపాలు లేవని కాదు. ఒకే పెద్ద కాంట్రాక్టరు తప్ప దారి లేదన్నది మాత్రం నిజం కాదు. మన పట్టణంలో కనీసం రెండు మూడు వార్డులనైనా ఏరుకొనేవారి సంఘానికి, మహిళా పొదుపు సంఘాలకు విడిచిపెట్టి చూడమని అడుగుదాము. మిగతా వార్డుల్లో సర్వహక్కులు అన్న పంక్తి తీసివేసి, ఏరుకొనేవారికి గుర్తింపు కార్డు, పొడి చెత్త షెడ్డులో పని ఇవ్వాలన్న పంక్తి రాయమందాము.

తడి చెత్త గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంటి చెత్తలో సుమారు సగం అదే. వేరుగా వస్తే ఎరువు, కలిసి వస్తే కంపు. యార్డుకు వచ్చిన తడి చెత్తలో ప్లాస్టిక్ కలిసి ఉంటే ఆ బండికి ఆ రోజు డబ్బు తగ్గించాలి. మనం కలిపి ఇస్తే ఆ పాపం బండివాడిదా అని అడగవచ్చు. కలిపి ఇచ్చిన ఇంటి నంబరు రాసుకొని, ఆ చెత్త తీసుకోకుండా వెళ్లే అధికారం అతనికి ఇవ్వాలి. మొదటివారం పెద్ద గొడవ అవుతుంది. మా ఇంట్లోనే అవుతుంది, ఎందుకంటే మా కోడలు వేరు చేస్తుంది, మా మనవడు కలుపుతాడు. కల్యాణ మండపాలు, హోటళ్లు మాత్రం ఈ కాంట్రాక్టులోకి రాకూడదు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త చేసేవారిని 2016 నిబంధనలే విడిగా చూడమన్నాయి. వారి చెత్త ఖర్చు వారు భరించాలి, మన ఇళ్ల లెక్కలో కలపరాదు.

డబ్బు ఎవరు ఇస్తారన్నది సున్నితమైన విషయం. 2021లో మన రాష్ట్రంలో ఇంటింటికీ నెలవారీ చార్జీ పెట్టినప్పుడు ఈ హాలులోనే వ్యతిరేకంగా తీర్మానం చేశాము. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. సంతోషించాము. చార్జీ పోయిందే గాని ఖర్చు పోలేదు. బండి డీజిలు ఇప్పుడు మనం కట్టే ఇంటిపన్నులోనుంచి, ఇతర గ్రాంట్లలోనుంచి వస్తున్నది. నెలనెలా జేబులోనుంచి ఇచ్చినప్పుడు బండి రాకపోతే "డబ్బు ఎందుకు ఇవ్వాలి" అని నిలదీశాము. ఇప్పుడు నిలదీయడానికి రసీదు లేదు. అందుకే అగ్రిమెంటు కాపీని వార్డు సచివాలయంలో గోడకు అంటించాలని, నెలనెలా ఎంత బిల్లు చెల్లించారో, ఎంత కోత పెట్టారో అక్కడే రాయాలని అడుగుదాము.

కోత అన్నాను గదా. జరిమానాల పేజీ ముసాయిదాలో చాలా గంభీరంగా ఉన్నది. బండి రాకపోతే లక్ష రూపాయల వరకు జరిమానా అట. ఆ లక్ష ఎన్నడూ వసూలు కాదని నేను ఈ వేదిక మీదనుంచే చెబుతున్నాను. అంత పెద్ద జరిమానా వేయాలంటే శానిటరీ ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాయాలి, నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ రావాలి, ఫైలు మీదికి వెళ్లాలి, మీదినుంచి "చర్చించండి" అని తిరిగి రావాలి. ఈలోగా ఇన్‌స్పెక్టరుకు ట్రాన్స్‌ఫర్ అవుతుంది. దానికి బదులు బిల్లు ఫారంలోనే ఒక గడి పెట్టండి. బండి వెళ్లని ఇల్లు ఒక్కింటికి రోజుకు ఇంత, నెలకు మొత్తం ఇంత, తీసివేత. చిన్న మొత్తమే. దానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు, గుమాస్తా కూడి తీసివేస్తాడు. కమిషనరు ధైర్యం మీద ఆధారపడే షరతుకంటె గుమాస్తా కూడికల మీద ఆధారపడే షరతు గట్టిది.

కాలపరిమితి ఏడాది అని ఉన్నది. ఏడాదికైతే ఎవరూ కొత్త బండి కొనరు, ఎక్కడో అరిగిన బండ్లు తెచ్చి రంగు వేస్తారు. అలాగని హైదరాబాదులో 2009లో చేసినట్లు పాతికేళ్లకు రాసుకొంటే, సంతకం పెట్టినవారు ఎవరూ లెక్క చెప్పడానికి సర్వీసులో ఉండరు. అయిదేళ్లు ఉంచి, ఏటా పనితీరు చూసి కొనసాగించమనడం నాకు సబబుగా తోస్తున్నది. చివరి రోజున ఏమి అప్పగించాలో కూడా రాయాలి. ఇళ్ల జాబితాలు, ఫోనులోని లెక్కలు, షెడ్డు తాళాలు అప్పగించాలి. పాత కార్మికులను కొత్త కాంట్రాక్టరు తీసుకోవాలి. ఒక ఊళ్లో కాంట్రాక్టు ముగిసిన మరునాడు ఏ బండి ఏ వీధికి వెళ్లాలో తెలిసినవాడు ఆఫీసులో ఒక్కడూ లేడు. ఆ జాబితా పోయిన కాంట్రాక్టరు సూపర్‌వైజరు జేబులో ఉన్నది. పన్నెండు రోజులు ఊరు కంపు కొట్టింది.

ఊరి బయట యార్డులో పేరుకుపోయిన పాత గుట్టను జల్లెడ పట్టి తొలగించే పని కూడా ఇదే టెండరులో కలిపారు. అది వేరే యంత్రాల పని, వేరే కొలతల పని. ఇంటింటి సేకరణతో కలిపితే దేని బిల్లు ఎక్కడ కలిసిందో ఆడిట్‌వారికి కూడా అంతు దొరకదు. విడదీయమని రాశాను.

ఇవన్నీ కలిపి రెండు పేజీల అర్జీ ముసాయిదా తయారైంది. కాపీలు కోశాధికారిగారి టేబులు మీద ఉన్నాయి. చదివిన తరువాతే సంతకం చేయండి. నచ్చని అంశం ఉంటే పక్కన రాయండి, కొట్టివేసుకొందాము. ముఖ్యంగా ఇంటి లెక్క చెల్లింపు, సూదుల డబ్బా, కార్మికుల పి.ఎఫ్. షరతు, సర్వహక్కుల పంక్తి, ఈ నాలుగింటి మీద మీ అభిప్రాయం కావాలి. సంతకం చేసేవారు వీధి పేరు, ఇంట్లో నడవలేనివారు ఉంటే ఆ సంగతి కూడా రాస్తే, గుమ్మం దాకా రావలసిన ఇళ్ల జాబితాకు అదే మొదటి కాగితం అవుతుంది. వీధి సాక్షిగా ఉండడానికి ఒప్పుకొనేవారు వెనకవైపు పేరు రాయండి. సోమవారం పదిన్నరకు సెక్రటరీగారు, నేను మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి తపాలా సెక్షనులో అర్జీ ఇచ్చి, నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకొని వస్తాము. తోడు వచ్చేవారు బస్టాండు దగ్గర కలవండి.